బస్టాండు గొంతు

గిలక కంప్యూటరుకు పెన్‌డ్రైవు పెట్టింది. ఏమీ కాలేదు. బయటికి లాగి, మొనను చొక్కా అంచుకు తుడిచి, ఒకసారి ఊది మళ్ళీ పెట్టింది. డ్రైవు చివర చిన్న దీపం మిణుకుమిణుకుమంది తప్ప తెర మీద ఒక్క గీత కూడా కదల్లేదు.

మామూలు రోజుల్లో ఈ లినక్స్ కంప్యూటరు ఇలాంటి విషయాల్లో కాస్త అతి చేస్తుంది. డ్రైవు తగిలీ తగలగానే ‘టంగ్’మని మోగి, ఎవరూ అడక్కముందే లోపలి సామానంతా తెర మీద పరిచేస్తుంది. ఇవాళ మాత్రం తనకేమీ పట్టనట్టు గుడ్లప్పగించి కూర్చుంది.

గిలక ఒంగి, వెనకవైపు ఉన్న రంధ్రంలో పెట్టి చూసింది. అక్కడా అంతే. గిలక అన్నది ఆమె అసలు పేరు కాదు. పసిపిల్లగా ఉన్నప్పుడు ఆమె ఏడుపు నూతి గిలక కిర్రుమన్నట్టు ఉండేదని అన్నయ్య పెట్టాడు, అదే నిలిచిపోయింది. ఇప్పుడామె ఈ చిన్న రికార్డింగు గదిని ఇంకో పెద్దాయనతో కలిసి నడుపుతోంది. ఎవరెవరో వచ్చి పుస్తకాలు చదువుతారు, ప్రకటనలు చెబుతారు. వాళ్ళ మాటల్లోంచి దగ్గులు, గుటకలు, నత్తులు, అక్కర్లేని కబుర్లు బియ్యంలో రాళ్ళు ఏరినట్టు ఏరిపారేయడం ఆమె పని. ఆ పనిలో ఆమెకు వంక పెట్టేవాడు ఊళ్ళో లేడు.

ఆమెకు ఎదురుగా పెద్ద అద్దం. అద్దం అవతల రికార్డింగు గదిలో, మెత్త వేసిన ఒకే ఒక్క కుర్చీలో అన్నయ్య కూర్చుని ఇటే చూస్తున్నాడు. గిలక నవ్వింది. ఆయన బొటనవేలు ఎత్తి చూపించాడు. ఆమె కూడా ఎత్తింది. ఎత్తి, వెంటనే తెర వైపు తిరిగింది.

అన్నయ్య పెద్ద బస్టాండులో అనౌన్సరు. “ప్రయాణికులకు విజ్ఞప్తి” అని ఆయన అన్నాడంటే బెంచీ మీద గురక పెట్టేవాడు కూడా లేచి సంచీ వెతుక్కునేవాడు. అలాంటి గొంతులో పుండు లేచింది. డాక్టర్లు స్వరపేటిక మొత్తం తీసేయాలన్నారు, తీసేశారు. ఇప్పుడు మెడ కింద గాలి పీల్చుకోవడానికో రంధ్రం, దాని మీద పలచటి తెల్లగుడ్డ, చేతిలో రాసి చెరుపుకునే ఒక పలక. గుసగుస కూడా రాదు.

ఆపరేషనుకు ముందు, ఆస్పత్రిలో మాట నేర్పించే డాక్టరమ్మ ఒక దారి చెప్పింది. గొంతు ఉండగానే కొన్ని వందల వాక్యాలు చదివి రికార్డు చేసి ఇస్తే, వాటిని పట్టుకుని ఒక యంత్రం ఆయన గొంతును తయారు చేస్తుంది. ఆ తరవాత ఆయన ఫోనులో ఏం టైపు చేసినా అది ఆయన గొంతుతోనే పలుకుతుంది. చెల్లెలికి రికార్డింగు గదే ఉన్నప్పుడు ఇంకెక్కడికో వెళ్ళడం దేనికి? ఆయన ఆ కుర్చీలోనే కూర్చుని, నొప్పి దిగమింగుకుంటూ, చివరి వాక్యం దాకా చదివాడు. ఆ చదివిందంతా ఇప్పుడు ఈ డ్రైవులోనే ఉంది. ఇంకెక్కడా లేదు.

ఎందుకు లేదంటే, అది గిలక శుభ్రత పుణ్యం. పని కాగానే కంప్యూటరులో దాని ఆనవాలు లేకుండా తుడిచేయడం ఆమెకు అలవాటు. ఒకరి రికార్డింగు ఇంకొకరి చెవిన పడకూడదని మొదలుపెట్టిన నియమం అది. అన్నయ్యవి కూడా ఏరి, కత్తిరించి, డ్రైవులోకి ఎక్కించి, మిగతాదంతా తుడిచేసింది. ఆమెకు తెలిసి అంతా పద్ధతిగానే చేసింది, ఒక్క చివరి ముక్క తప్ప.

ఆ చివరి ముక్కే ఇప్పుడామె గుండెల మీద కూర్చుంది. ఆస్పత్రిలో చేర్చాల్సిన రోజు అది. కింద కారు హారన్ కొడుతోంది, వదిన మెట్ల మీద నుంచి పిలుస్తోంది. కంప్యూటరు ‘అయిపోయింది’ అంది గానీ, అది అయిపోయిందన్నంత మాత్రాన అయిపోయినట్టు కాదని ఈ పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. లోపల ఇంకా రాస్తూనే ఉంటుంది. ‘తీయమంటావా’ అని దాన్ని అడిగి, అది సరేనన్నాకే డ్రైవు తీయాలి. గిలక అడగలేదు. పళ్ళు పీకినట్టు పీకి, జేబులో వేసుకుని పరిగెత్తింది. కొత్తగా పనిలో చేరినవాళ్ళకు మొదటిరోజే “అడక్కుండా డ్రైవు లాగితే చేతులు విరగ్గొడతా” అని చెప్పే మనిషి, తనే లాగేసింది.

“ఏమైందమ్మా? ఇంకా కాలేదా?” అంటూ వదిన తలుపు తోసుకుని వచ్చింది.

“అవుతోంది వదినా. కంప్యూటరు అప్‌డేట్ అవుతోంది.”

“అప్‌డేటంటే?”

“అంటే... సర్దుకుంటోంది. ఒక్క నిమిషం ఆగితే అదే తెరుచుకుంటుంది.”

నోట్లో నువ్వుగింజ నానని గిలక అబద్ధం చెబుతోందంటే వదినకు అనుమానం రావాల్సిందే. కానీ వదిన చూపు గోడ గడియారం మీద ఉంది. “డాక్టరమ్మ ఇవాళొక్కరోజే ఉంటుందట. నిండు నెలలు కదా, రేపట్నుంచి సెలవు. మళ్ళీ వచ్చేసరికి ఎన్నాళ్ళవుతుందో. ఆవిడున్నప్పుడే ఇచ్చేస్తే మంచిది” అంది.

“ఇచ్చేద్దాం. నువ్వు వెళ్ళి అన్నయ్య పక్కన కూర్చో.”

“నీ మొహమేంటి అలా ఉంది?”

“పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, అందుకే.”

వదిన వెళ్ళి అద్దం అవతల నిలబడింది. ఇప్పుడు రెండు మొహాలు ఇటు చూస్తున్నాయి. గిలకకు కుడితిలో పడ్డ ఎలుకలా ఊపిరాడలేదు. తెరను కొంచెం పక్కకు తిప్పి, దాని వెనక మొహం దాచుకుని, ఇంటర్నెట్టులో వెతకడం మొదలుపెట్టింది.

చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఒకడు కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టమన్నాడు. ఆపి పెట్టింది. అది లేచే దాకా అద్దం వైపు చూడకుండా బల్ల కింద తీగలు సర్దుతున్నట్టు నటించింది. లేచింది, డ్రైవు మాత్రం కనబడలేదు. ఇంకొకడు డ్రైవును మధ్యలో లాగి ఉంటే లోపలిదంతా గంగలో కలిసినట్టేనని తేల్చేశాడు. ఇంకో మహానుభావుడు, కాపీ ఉంచుకోనివాళ్ళకు ఇలాగే కావాలని రాశాడు. వాడి ఊరూ పేరూ తెలిస్తే గిలక ఆ పూటే వెళ్ళి తన్ని వచ్చేది.

పక్క వీధిలోని జిరాక్స్ దుకాణంలో పెట్టి చూద్దామా అనుకుంది. కానీ ఈ డ్రైవును ఆమె లినక్స్ పద్ధతిలో తయారు చేసింది. వేరే రకం కంప్యూటరుకు అది అర్థం కాదు. అర్థం కాలేదని ఊరుకోకుండా ‘ఫార్మాట్ చేయమంటారా’ అని అడుగుతుంది. దుకాణంలో ఎవరో ఒకరు ఆవలిస్తూ అవుననేస్తారు. అంతటితో అన్నయ్య నోరు రెండోసారి మూతపడుతుంది.

గదిలో భాగస్వామి అయిన పెద్దాయనకు ఫోన్ చేసింది. పక్కగదిలో గుండుసూది పడ్డా వినబడుతుందని ఆయన్ని అందరూ పాముచెవులాయన అంటారు. అంత చెవులున్న మనిషి ఫోను మోగితే మాత్రం ఎత్తడు. మళ్ళీ చేసింది. ఎత్తలేదు.

కంప్యూటరుకు నేరుగా ఆదేశాలు టైపు చేసే నల్ల తెర తెరిచి, కంప్యూటరుకు తగిలించి ఉన్న డిస్కులన్నీ చూపించమని అడిగింది. వరసలు వచ్చాయి. చిట్టచివర డ్రైవు ఉంది! దాని సైజు సరిగ్గా ఉంది, ఆమె పెట్టిన ‘అన్నయ్య’ అన్న పేరూ ఉంది. ఒక్క క్షణం ప్రాణం లేచొచ్చింది. కానీ దాన్ని ఎక్కడ తెరిచిందో చెప్పాల్సిన గడి ఖాళీగా ఉంది. అంటే గుమ్మంలో మనిషి నిలబడ్డాడు, ఎవరో కూడా తెలుసు, అయినా లోపలికి రమ్మనేవాళ్ళు లేరు. ఎందుకు రమ్మనడం లేదు? లోపల ఏదో పాడైంది కాబట్టే పిలవడం లేదనుకుంది గిలక. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది ఆమె పరిస్థితి. ఏ కారణం వెతికినా తన చేతి దగ్గరికే వచ్చి ఆగుతోంది.

చేత్తో కమాండు కొట్టి బలవంతంగా తెరవొచ్చు. కానీ లోపల నిజంగా విరిగి ఉంటే, అలా తెరవడంలో ఇంకాస్త విరగొచ్చు. వేళ్ళు కీబోర్డు మీదే ఆగిపోయాయి. ‘భగవంతుడా, ఎప్పుడూ నా కోసమే అడుగుతాను గానీ, ఈసారి ఇది అన్నయ్య నోరు’ అనుకుంది. కళ్ళు మండాయి. ఏడిస్తే అద్దంలోంచి కనబడుతుంది. అందుకని తుమ్ము వచ్చినట్టు ముక్కు రుద్దుకుంది.

అవతల అన్నయ్య పలక ఎత్తి అద్దానికి ఆనించాడు. ‘దొరకలేదా?’

గిలక మైకు నొక్కింది. “దొరికింది అన్నయ్యా. తెరుచుకుంటోంది.”

ఆయన చెరిపి మళ్ళీ రాశాడు. ‘నీ గొంతు అలా లేదే.’

ముప్పై ఏళ్ళు గొంతుతో బతికినవాడి దగ్గర గొంతు దాచడం ఎవరి తరం? గిలక మైకు మీద నుంచి వేలు తీసేసింది.

ముందు డ్రైవును ఉన్నదున్నట్టు, చుక్క పొల్లు పోకుండా ఇంకో డ్రైవులోకి నకలు దింపుకుంటే, ఆ తరవాత నకలు మీద ఎన్ని ప్రయోగాలైనా చేసుకోవచ్చు. ఆ మాట తోచాక కాస్త చెయ్యి ఆడింది. డాక్టరమ్మ ఇచ్చిన ఖాళీ డ్రైవు వదిన సంచిలో ఉండాలి. ఫైళ్ళు అందులో వేసి తెమ్మని ఆవిడే ఇచ్చింది. వదినను అడిగి తెచ్చి, కవరు చింపి, ముందువైపు రంధ్రంలో పెట్టింది.

‘టంగ్’ లేదు. ఏమీ తెరుచుకోలేదు.

గిలక దాన్ని తీసి మళ్ళీ పెట్టింది, అంతే. ఇది కొత్త డ్రైవు. ఆస్పత్రిది. దీన్ని ఎవరూ మధ్యలో లాగలేదు. అది కూడా గుమ్మంలోనే నిలబడింది. అంటే డ్రైవులో కాదు, గుమ్మంలో ఉంది తిరకాసు. అయ్యో, ఇంతసేపూ వచ్చినవాణ్ణి తిట్టుకున్నాను గానీ, తలుపు దగ్గర కాపలావాడున్నాడో లేడో చూడలేదే!

సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. పాముచెవులాయన.

“ఏంటమ్మాయ్, అన్నిసార్లు చేశావు? పళ్ళ డాక్టరు దగ్గర నోరు తెరుచుకుని కూర్చున్నా.”

“బాబాయ్, కంప్యూటరులో ఏమన్నా మార్చావా? ఏ డ్రైవు పెట్టినా తెరవడం లేదు.”

“ఎందుకు తెరుస్తుంది? నేనే ఆపేశాగా!”

“ఆపేశావా?”

“నువ్వు ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఒకావిడ నవల చదవడానికి వచ్చిందమ్మా. చావు ఘట్టం చదువుతోంది. గది గదంతా నిశ్శబ్దం. ఇవతల నేను డ్రైవు పెట్టాను, ఆవిడ హెడ్‌ఫోన్లలో ‘టంగ్’మంది. ఆవిడ దడుచుకుని అంతా మొదటికొచ్చింది. ఇంక లాభం లేదని, డ్రైవులు తెరిచే ఆ సర్వీసునే ఆపి, మళ్ళీ లేవకుండా తాళం వేశాను. నీకు చెప్పలేదూ?”

“లేదు బాబాయ్.”

“చెప్పాననుకున్నానే! ఏమన్నా ఇబ్బందైందా?”

గిలకకు ఆయన్ని తిట్టాలో, దండం పెట్టాలో తెలియలేదు. “ఏం లేదు, తాళం ఎలా తీయాలో చెప్పు” అంది. ఆయన తిమ్మిరెక్కిన దవడతో ఒక్కో మాటా చెప్పాడు, ఈమె కొట్టింది. ఒకసారి తప్పింది, మళ్ళీ కొట్టింది. ‘టంగ్’మంది. వెంటనే ఇంకో ‘టంగ్’. రెండు డ్రైవులూ ఒకదాని మీద ఒకటి తెరుచుకున్నాయి.

వాక్యాలన్నీ ఉన్నాయి. పై నుంచి కింద దాకా చూసింది. చిట్టచివరి దాన్ని, ఆ రోజు తను లాగేటప్పుడు రాస్తుండాల్సిన దాన్ని, తెరిచి, మాటల హెచ్చుతగ్గులు చూపించే గీతల్లో చివరి గీత దాకా చూసింది. ఎక్కడా తెగలేదు. అప్పుడు ఏడ్చింది. ఈసారి ఎవరు చూసినా ఫరవాలేదనిపించింది.

డాక్టరమ్మ డ్రైవులోకి అన్నీ ఎక్కించమని కంప్యూటరుకు చెప్పి, మైకు నొక్కింది. “అన్నయ్యా, వదినా, ఇటు రండి! వినండి!”

ఇద్దరూ వచ్చారు. అన్నయ్య మెడ దగ్గర గుడ్డ గాలికి ఆడుతోంది. గిలక ఏదో ఒక వాక్యం నొక్కింది. రెండు పెద్ద స్పీకర్లూ గది నిండా పలికాయి.

“నాకు. మంచినీళ్ళు. కావలెను.”

ఎంత గంభీరంగా ఉంది! ఒక్క గరగర లేదు, గుటక లేదు. మంచినీళ్ళు కొద్దిసేపట్లో రెండో నంబరు ప్లాట్‌ఫారానికి రానున్నట్టు ఉంది. గిలక ఇంకోటి నొక్కింది. “నాకు. కొంచెం. నిద్ర వచ్చుచున్నది.” ఇంకోటి. “నువ్వు. భోజనం. చేశావా.”

అన్నయ్య ఛాతీ విరుచుకుని విన్నాడు. నిజానికి ఆయన అలాగే చదివాడు, గిలక అలాగే చదివించింది. ఇద్దరూ పనిమంతులే కదా. మైకు ముందు కూర్చుంటే ఆయనకు ఇంకో గొంతు రాదు. పిల్లలు ఆడుకుంటుంటే సరదాగా ఫోనులో వీడియో తీసినా సరే, ఆయన వైపు తిప్పగానే ‘ప్రయాణికులకు విజ్ఞప్తి’ ధోరణిలోకి వెళ్ళిపోయేవాడు. అందరూ నవ్వేవాళ్ళు.

వదిన నవ్వలేదు. స్పీకరు వైపే చూస్తోంది.

“బాగా లేదా వదినా?”

“బాగానే ఉంది.” కాసేపు ఆగింది. “ఇది బస్టాండు గొంతు కదమ్మా. ఇది కావాలంటే నేను బస్టాండుకెళ్ళి కూర్చుని వింటాను. అక్కడ పాత టేపుల్లో ఇంకా మోగుతూనే ఉందిగా. ఇంట్లో మాట్లాడే మాటేది?”

 ఇంట్లో మాట్లాడే మాట ఆ రికార్డింగుల్లో ఉండేది. వాక్యానికీ వాక్యానికీ మధ్య, మైకు ఆగిందనుకుని ఆయన సణిగినవి, కసిరినవి, అడిగినవి, అన్నీ పడ్డాయి. వాటన్నిటినీ ఆమే కత్తిరించింది. ఒక్కో ముక్కా ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో కచ్చితంగా పట్టుకోవడానికి పదేసిసార్లు విని మరీ కత్తిరించింది. తరవాత కంప్యూటరు శుభ్రంగా తుడిచింది. ఆ చోట కొత్త రికార్డింగులెన్నో వచ్చి కూర్చున్నాయి, ఇక తిరిగి తేవడానికీ లేదు. డ్రైవు లాగినందుకు కాదు తను భయపడాల్సింది. ఆ తప్పు చేతిది. ఇది చెయ్యి తిరిగినతనానిది.

“నేనే తీసేశాను వదినా” అంది. “మధ్యలో మాట్లాడినవన్నీ. చెత్త అనుకున్నాను.”

  అన్నయ్య గబగబా పలక మీద రాసి భార్య ముందు పెట్టాడు. ‘ఇది బయటివాళ్ళకి. ఇంటి గొంతు నీ దగ్గర ఉందిగా.’

వదిన చదివింది. తల అడ్డంగా ఊపింది. “లేదండీ” అంది. “రోజూ పడుకునే ముందు గుర్తు తెచ్చుకుందామని చూస్తున్నా. మీరేమన్నారో గుర్తొస్తోంది. ఎలా అన్నారో రావడం లేదు. మీకు చెబితే బాధపడతారని చెప్పలేదు.”

అన్నయ్య చేతిలో పలక అలాగే ఉంది. మెడ దగ్గర గుడ్డ మాత్రం లేచి పడుతోంది.

 గిలక, ఏం చేస్తోందో ఆలోచించకుండానే, అన్నయ్యలా గడ్డం కొంచెం ముందుకు పెట్టి, మాటను ముక్కులోంచి సాగదీసి మొదలుపెట్టింది:

“ఒసే గిలకా, ఆ ఏసీ ఆపవే, మెడ బిగుసుకుపోతోంది. చదవమన్నావు, చదువుతున్నాను, మధ్యలో నీ తలాడింపేంటే? మీ వదిన ఫోన్ చేసిందా? భోంచేసిందో లేదో కనుక్కో. తినదు. నేను లేకపోతే ముద్ద ముట్టదు, మళ్ళీ నన్నంటుంది...”

గొంతు ఆమెదే, సన్నగా, కిర్రుమంటూనే ఉంది. కానీ ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది, ఎక్కడ విసుక్కోవాలో అక్కడ విసుక్కుంది. పదేసిసార్లు విన్న చెవి కదా, గీత గీతా పట్టుకుని ఉంది. వదిన చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

అన్నయ్య పెదవులు కదులుతున్నాయి. చెల్లెలి మాటతో పాటే, ఒక్క అక్షరం ముందూ వెనకా కాకుండా కదిలాయి. చివరిదాకా వచ్చాక ఉన్నట్టుండి బల్ల మీద చరిచి, పలక చెరిపి రాశాడు.

‘తినదు అని రెండుసార్లు అన్నా. రెండోది మెల్లిగా.’

“ఎంత మెల్లిగా?” అంది గిలక.

ఆయన కళ్ళు దించి, ఎవరితోనో కాదు తనతోనే అనుకుంటున్నట్టు, చప్పుడు లేకుండా పెదవులు కదిపి చూపించాడు. గిలక చూసి, అలాగే అంది.

“తినదు.”

ఎక్కించడం పూర్తయిందని కంప్యూటరు చెబుతోంది. ఎవరూ అటు చూడలేదు. వదిన కళ్ళు మూసుకుని, మొగుడి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“అదే” అంది. “అదే మళ్ళీ అను.”